ముసలావిడ ఊరెళ్ళింది

నాన్న పోయిన పదకొండో రోజు సాయంత్రం, భోజనాల హడావిడి సద్దుమణిగాక, మా పిన్ని కూతురు టీవీ పెట్టి రిమోట్ నా చేతికిచ్చింది. పిల్లలు గోల చేస్తున్నారని, ఏదన్నా మంచి సినిమా పెట్టమని, నాకైతే తెలుస్తుందని అంది. తెలియాలి మరి. పాతికేళ్ళుగా సినిమాల మీద రాసి బతుకుతున్నదాన్ని. పెళ్ళి పంక్తిలో పక్కన కూర్చున్న పాపానికి, ఫలానా సినిమా బాగుందన్న మనిషిని ఎందుకు బాగుందో చెప్పమని నిలదీసి, ఆయన విస్తట్లో అన్నం చల్లారేదాకా వదలని రకాన్ని. అలాంటిదాన్ని ఆ రిమోట్ పట్టుకుని తెర మీద బొమ్మలు ఒక్కొక్కటే జరుపుతూ కూర్చున్నాను. ఏదీ మంచిదనిపించలేదు. చెడ్డదనీ అనిపించలేదు. హాస్యం, హత్యలు, దెయ్యాలు, దేవతలు అన్నీ ఒకే కొలత చదరాల్లో బుద్ధిగా సర్దుకుని ఉన్నాయి, నాకు ఎవరితోనూ పేచీ లేదు. చివరికి పిల్లలే విసుగొచ్చి రిమోట్ లాక్కున్నారు. నాకు ఒక విషయం మీద అభిప్రాయం లేకపోవడం, నాకు తెలిసి, అదే మొదటిసారి.

అభిప్రాయాలు నన్ను బహ్రెయిన్‌లో పట్టుకున్నాయి. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో, ఒక దర్జీ కొట్టుకీ, కోల్డ్ స్టోరు అని పిలిచే ఒక కిరాణా కొట్టుకీ మధ్య నాన్న వీడియో కొట్టు నడిపేవాడు. పేరుకి అది కఫీల్‌ది, అంటే మాకు వీసా ఇచ్చిన అక్కడి అరబ్బు యజమానిది. ఆయన నెలకోసారి వచ్చి, ఒక టీ తాగి, వాళ్ళింట్లో ఆడవాళ్ళ కోసం రెండు హిందీ సినిమాలు పట్టుకుని వెళ్ళిపోయే పెద్దమనిషి. కొట్టు వెనక రెండు గదుల్లో అమ్మ, నాన్న, నేను. నా పన్నెండో తరగతి అయిపోయింది. నన్ను కాకినాడ హాస్టల్లో వెయ్యాలా, లేక ఇక్కడే ఉంచాలా అన్నది అమ్మా నాన్నా తేల్చుకోలేకపోయారు. వాళ్ళు తేల్చుకునేదాకా ఏడాదిన్నర నేను కౌంటరు వెనక కూర్చున్నాను.

రెండు వీసీఆర్‌లని తీగలతో కలిపి నాన్న కాపీలు తీసేవాడు. మూడు గంటల సినిమాకి మూడు గంటలూ పట్టేది, తొందరపెట్టడానికి వీల్లేదు. అందుకని మా ఇంట్లో పొద్దున్న పళ్ళు తోముకునే దగ్గర్నుంచి ఏదో ఒక సినిమా నడుస్తూనే ఉండేది. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, నాన్న దూది ముంచి మెషిన్ లోపల తుడిచే స్పిరిట్ వాసన, ఏసీలోంచి వచ్చే తడిదుమ్ము వాసన, వీటన్నిటి మీదుగా అమ్మ పెట్టే హమ్మూర్ చేపల పులుసు. అమ్మ గడియారం చూసి వంట చేసేది కాదు. మొదటి పాటకి పప్పు పొయ్యి మీదెక్కాలి, ఇంటర్వెల్‌కి అన్నం వార్చాలి, విలన్ హీరో చెల్లెల్ని ఎత్తుకుపోయేసరికి తిరగమోత అయిపోవాలి. చిన్న సినిమా వచ్చిన రోజు మేం కాస్త పలుకున్న పప్పు తినేవాళ్ళం. నాన్న ప్లాస్టిక్ స్టూలు మీద, పక్కన స్టీలు గ్లాసులో చల్లారిపోయిన టీతో, తొమ్మిదిసార్లు చూసిన సినిమాని పదోసారి కూడా కళ్ళార్పకుండా చూసేవాడు. బాగుందా నాన్నా అని అడిగితే, "బొమ్మ నిలకడగా ఉంది" అనేవాడు. ఏ సినిమా మీదైనా ఆయన తీర్పు అదొక్కటే.

ఆయనకి ఒక చెడ్డ అలవాటు ఉండేది. టేపులో పట్టని పొడుగు సినిమాలకి మిగతా కొట్లవాళ్ళు మొదట్లో పేర్లూ, మధ్యలో ఒకటో రెండో పాటలూ ఎగరగొట్టేవారు. నాన్న పాటల జోలికి పోడు. ఆయన ఎగరగొట్టేది చావుల్ని. హీరో తల్లి మంచం మీద దగ్గుతూ ఉంటుంది, తెర మీద అడ్డంగా ఒక తెల్లగీత పరిగెడుతుంది, మరుక్షణం హీరో మీసాలు పెంచుకుని మోటారుసైకిల్ మీద కనిపిస్తాడు. పాడె కట్టడం, చితి, గాజులు పగలగొట్టడం, ఇవేవీ నాన్న టేపుల్లో ఉండవు. టేపులో ఇంకో పావుగంట ఖాళీ ఉన్నా సరే, అంతే. సినిమా చూసి తిరిగి ఇవ్వడానికొచ్చినవాళ్ళు, "ముసలావిడ ఏమైందండీ?" అని అడిగేవాళ్ళు. నాన్న తలెత్తకుండా, "ఊరెళ్ళింది" అనేవాడు.

దీని మీద నేను ఆయనతో ఎంత దెబ్బలాడానో. కథకి నడుం అక్కడే ఉందని, తల్లి చావకపోతే వాడు ఆఖర్న అంతమందిని ఎందుకు నరుకుతున్నాడో ఎవరికీ అర్థం కాదని, రాసినవాడూ తీసినవాడూ మూర్ఖులా అని. నేనొక అరగంట మాట్లాడితే ఆయన ఒక వాక్యం అనేవాడు. చూసేవాళ్ళకి శనివారం డ్యూటీ ఉందమ్మా, అని. ఒక్కసారి మాత్రం, బహుశా ఆ రోజు నేను మరీ ఎక్కువగా మాట్లాడి ఉంటాను, ఇంకో వాక్యం కలిపాడు. "ఎనిమిదిమంది ఉన్న గదిలో ఎప్పుడూ ఎవడో ఒకడి తల్లికి ఒంట్లో బాగోదు."

మా టేపులు ఎక్కువగా వెళ్ళేది మామీర్ దగ్గరి క్యాంపుకి. ఫ్యాక్టరీల్లో పైపుల పనీ, ఎత్తున నిలబడటానికి చెక్కలు కట్టే పరంజి పనీ చేసే గోదావరి జిల్లాలవాళ్ళు ఉండేవారక్కడ. క్యాంపు వ్యాను నడిపే ఖాదర్ భాయ్ గురువారం మధ్యాహ్నం వచ్చి గదికొకటి చొప్పున పట్టుకెళ్ళేవాడు. జగిత్యాల మనిషి, చామనఛాయ, మెళ్ళో ఎప్పుడూ ఒక తువ్వాలు. వారానికి ఒక్క శుక్రవారం సెలవు, ఎనిమిదిమందికి ఒక్క టేపు. అది చెత్త సినిమా అయితే ఆ వారం పోయినట్టే. అందుకని ఖాదర్ భాయ్ నన్ను డాక్టర్ని అడిగినట్టు అడిగేవాడు, నేనూ అలాగే చెప్పేదాన్ని. పదిహేడేళ్ళకి అంతమంది మగవాళ్ళు నా మాట విని నడుచుకోవడం మంచిది కాదు. ఆ తరవాత నేను ఎవరి మాటా వినలేదు.

ఒక ఆదివారం పొద్దున్న కొట్టు ఫోన్‌కి రాజోలు పక్క పల్లె నుంచి కబురొచ్చింది. క్యాంపులో ఫోన్ ఉండేది కాదు కాబట్టి మా నంబరే వాళ్ళందరూ ఇళ్ళకి ఇచ్చుకునేవారు. పరంజి పని చేసే సూరిబాబు తల్లి పోయింది. నాన్న కొట్టు మూసి ఖాదర్ భాయ్‌తో తనే వెళ్ళి చెప్పి వచ్చాడు. ఏమన్నాడని అమ్మ అడిగింది. బూట్లు వేసుకుని డ్యూటీకి వెళ్ళాడు అన్నాడు నాన్న. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరుంది. సెలవు కాగితం మీద సంతకం పడేసరికి అక్కడ మూడో రోజు కూడా అయిపోయింది. ఇంక వెళ్ళి ఏం చేస్తానన్నాడట సూరిబాబు.

రెండు మూడు వారాల తరవాత ఖాదర్ భాయ్ టేపులు ఏరుకోకుండా కౌంటరు మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు.

"గా సూరిబాబు మాట్లాడ్తలేడమ్మా. పొద్దుగాల ఎక్కుతడు, పొద్దూకి దిగుతడు. పైన నిలవడి ఎటో చూస్తడట. పెడితే తింటడు, లేకుంటే లేదు. మాకు బుగులైతుంది. దుబాయిలకొచ్చి గిట్లయితే ఎట్ల?"

"ఇది దుబాయి కాదు ఖాదర్ భాయ్, బహ్రెయిన్" అన్నాను. నా పుర్రెలో అలాంటప్పుడు కూడా అదే వెలుగుతుంది.

"ఇంటికాడ లేకుంటే అంతా దుబాయే అమ్మా. నవ్వే సినిమా ఒకటియ్యి, ఆయన నవ్వాలె."

నలభై అడుగుల ఎత్తున చెక్కల మీద నడిచే మనిషి. ఒక అడుగు చూసుకోకపోతే అంతే. ఆ సంగతి ఖాదర్ భాయ్ చెప్పలేదు, నాన్న స్టూలు మీద నుంచి వెనక్కి తిరిగి చూశాడు, అంతే.

నేను కామెడీ ఇచ్చాను. కామెడీల మీద నా అభిప్రాయం అప్పటికీ ఇప్పటికీ ఒకటే. మొదటి గంట మాత్రమే కామెడీ, ఆ తరవాత హీరోకి బుద్ధొస్తుంది, సినిమా చస్తుంది. బుద్ధి రాని హీరో ఉన్నది వెతికి మరీ ఇచ్చాను. మరుసటి వారం ఖాదర్ భాయ్ వచ్చి, గదిలో అందరూ పడీపడీ నవ్వారని, సూరిబాబు గోడ దిక్కు తిరిగి పడుకున్నాడని చెప్పాడు. ఫైటింగ్ సినిమా ఇచ్చాను. అవంటే నాకు చులకన. నలభైమంది రౌడీలు హీరో చేతి దెబ్బ కోసం వరసలో నిలబడి ఎవరి వంతు వాళ్ళు ఆగుతారు, రేషన్ షాపు దగ్గర కూడా అంత మర్యాద నేనెప్పుడూ చూడలేదు. కానీ ఒళ్ళలిసిన మగవాళ్ళకి అది స్నానం లాంటిదని ఒప్పుకునేదాన్ని. ఆ సినిమా ఆఖర్న సగం కట్టిన మేడ మీద కొట్టుకుంటారు. అది చూసి సూరిబాబు అన్ని రోజుల్లో ఒక్క మాట మాట్లాడాడట, ఆ పరంజి కట్టు సరిగ్గా లేదు, కూలిపోద్ది, అని.

మూడో వారం అమ్మ కల్పించుకుని అమ్మవారి సినిమా ఇవ్వమంది. ఆ రకం మీద నాకూ అమ్మకీ ఎప్పుడూ పేచీయే. పెనిమిటి చేత తన్నులు తిని, అత్త చేత వాతలు పెట్టించుకుని, పుట్టలో పాలు పోసే ఆ పిల్ల కోసం అమ్మవారు ఆఖరి పావుగంట వరకూ ఎందుకు ఆగుతుంది, అంతవరకూ ఏం చేస్తోంది అని నేను అడిగేదాన్ని. ముందే వచ్చేస్తే సినిమా ఎవరు చూస్తారే అనేది అమ్మ. ఆవిడ దగ్గర దేనికైనా జవాబు ఉండేది. హారతి సీనులో సూరిబాబు లేచి కూర్చుని దణ్ణం పెట్టాడట, మళ్ళీ పడుకున్నాడట. నాలుగో వారం ప్రేమకథ. కాలేజీ సినిమా, అందులో ఒక్కరు కూడా క్లాసులో కూర్చోరు. అప్పటికి నేను కాలేజీ చూడలేదు కాబట్టి అది ఘోరమైన అబద్ధం అని తిట్టేదాన్ని. తరవాత కాకినాడలో చేరాక క్షమాపణ చెప్పుకున్నాను. సూరిబాబు ఇంకా సన్నబడ్డాడని మాత్రం ఖాదర్ భాయ్ చెప్పాడు. దెయ్యాల సినిమా మాత్రం మీ ఇష్టం, నేను పట్టుకపోను, అని కూడా చెప్పాడు.

ఐదో వారం నేను చేసిన పనికి జాలి అని పేరు పెట్టుకోవచ్చు, చాలాచోట్ల అలాగే చెప్పుకున్నాను కూడా. జాలి లేదని కాదు. అంతకంటే ఎక్కువ, నాన్నతో వాదన గెలవాలని ఉంది. ఏడిపించే సినిమాల్ని అందరూ తక్కువగా చూస్తారు, చదువుకున్నవాళ్ళు మరీను. నవ్వించడానికి అరటిపండు తొక్క చాలు, ఒక మనిషి చేత ఎవరో ముక్కూమొహం తెలియని ముసలమ్మ కోసం ఏడిపించాలంటే గంటంబావు ముందు నుంచీ తయారుచేసుకోవాలి. ఆ చావుసీను ఒక్కటి తీసేస్తే మిగతాదంతా దండగ. అదే నేను నాన్నతో అనేది. బుధవారం నాన్న కొత్త టేపుల కోసం మనామా బజారుకి వెళ్ళినప్పుడు, ఒక తల్లీకొడుకుల సినిమాని మొదటినుంచి చివరిదాకా, ఒక్క సీను పోకుండా కాపీ తీశాను. వంటింట్లోంచి అమ్మ గరిటెతో బయటికొచ్చి నిలబడింది. "ఏమే పద్దూ, ఇందులో ఇంత ఏడుపుందా? నాకు తెలీనే తెలీదు" అంది. ఆ సినిమా అప్పటికి ఆవిడ నాలుగుసార్లు విన్నది. అట్ట మీద మామూలుగానే పేరు రాసి, గురువారం ఖాదర్ భాయ్ చేతికిచ్చాను.

శుక్రవారం మధ్యాహ్నం వ్యాను వచ్చి ఆగింది. గురువారం తప్ప అది మా వీధిలోకి ఎప్పుడూ రాదు. ఖాదర్ భాయ్ వెనక సూరిబాబు దిగాడు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, ఇస్త్రీ చేసిన చొక్కా, మెడ మీద ఎండకి పొట్టులేచిన చర్మం. కవరులోంచి టేపు తీసి కౌంటరు మీద జాగ్రత్తగా పెట్టాడు. నాన్న స్టూలు మీద ఉన్నాడు, ఏదో కాపీ నడుస్తోంది.

"పాపగారూ, ఇందులో తప్పుందండి."

నా దగ్గర ఆరు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఏం తప్పని అడిగాను.

"కుండెత్తుకుని ఆ కొడుకు ఒక్క చుట్టే తిరిగాడండి. మూడు తిరగాలి."

నేను చెప్పడం మొదలుపెట్టాను. సినిమాలో అన్నీ చూపించరని, ఒక చుట్టు చూపిస్తే మూడు చూసినట్టే అనుకోవాలని, చూసేవాడి మనసు మిగతావి నింపుకుంటుందని. బాగా చెప్పాను. తరవాత ఎన్నో సభల్లో అదే ఇంకొంచెం పెద్ద మాటల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. అతను చేతులు కట్టుకుని మొత్తం విన్నాడు.

"అనుకుంటే కుదరదండి. చుట్టుకో చిల్లు పెడతారు కుండకి. మూడు చుట్లు, మూడు చిల్లులు" అన్నాడు. ఆ తరవాత నాతో కాదు, టేపుతో అన్నట్టు, "మా అమ్మకి మా చిన్నాన్న తిరిగాడంటండి. ఆయనకి మోకాలు బాగోదు. మూడూ తిరిగాడో, ఒకటి తిరిగి కూలబడిపోయాడో" అన్నాడు.

నాన్న లేచాడు. నడుస్తున్న కాపీని మధ్యలో ఆపేశాడు. ఏదో ఒక సీను దాటెయ్యడానికి తప్ప ఆయన మెషిన్ ఆపడం నేను అంతకుముందు చూడలేదు. నా వైపు చూడకుండా ఫోన్ దగ్గరికి లాక్కుని, మీ ఊళ్ళో ఫోన్ ఎవరింట్లో ఉందని అడిగాడు. ఎస్టీడీ బూతు నంబరు సూరిబాబుకి నోటికే వచ్చు. బూతతను మనిషిని పంపిస్తానని, అరగంట ఆగి చెయ్యమని అన్నాడు. ఆ అరగంటా మేం నలుగురం కొట్లో ఊరికే కూర్చున్నాం. ఖాదర్ భాయ్ బీరువాలో టేపుల పేర్లు ఒక్కొక్కటే పైకి చదివాడు, తెలుగు చదవడం రాదని అప్పుడే తెలిసింది, బొమ్మలు చూసి చెప్తున్నాడు. అమ్మ టీ తెచ్చింది. సూరిబాబు గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

లైను కలిశాక అతను లేచి నిలబడి మాట్లాడాడు. మాట వెళ్ళి తిరిగి మనకే వినిపించే లైను అది, అందుకని అరిచినట్టు మాట్లాడాలి, అటువైపు మాట కౌంటరు దాకా వినిపించేది.

"చిన్నాన్నా, నేను. బానే ఉన్నాను. అమ్మకి కుండెత్తుకుని మూడు చుట్లూ తిరిగావా?"

"తిరిగాన్రా. మూడూ తిరిగాను. నీ పేరు చెప్పి తిరిగాను."

"నీ మోకాలు?"

"మోకాలికేంరా, బానే ఉంది."

అతను ఫోన్ రెండు చేతుల్తో పట్టుకుని పెట్టేశాడు. "తిరిగాడంటండి" అని మాకందరికీ చెప్పాడు. ఏడవలేదు. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి, గదిలోవాళ్ళు అడిగారు, ఫైటింగ్ సినిమా ఏదన్నా ఉంటే ఇవ్వండి పాపగారూ అన్నాడు. ఇచ్చాను. ఆ తరవాతి గురువారం ఖాదర్ భాయ్ టేపులు ఏరుకుంటూ, అడగకుండానే, తింటుండు అమ్మా, మాట్లాడుతుండు, నిన్న నన్ను తిట్టిండు కూడా అని చెప్పాడు.

నేను చాటుగా కాపీ తీసినందుకు నాన్న ఏమంటాడా అని రెండు రోజులు చూశాను. నా వాదనంతా పొందిగ్గా సర్దుకుని ఉన్నాను, ఆయన ఒక్క మాటంటే చాలు. ఆయన అనలేదు. ఆ టేపు వెనక్కి తిప్పి, మిగతావాటితో పాటు బీరువాలో పెట్టాడు. చావుల్ని ఎగరగొట్టడం ఆయన ఆ తరవాతా మానలేదు. కాకపోతే కొందర్ని, మొహం చూసి, మొత్తం ఉన్నది కావాలా అని మెల్లిగా అడిగేవాడు. కావాలన్నవాళ్ళు ఉండేవారు. మా వాదన ఎవరు గెలిచారో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ ఏడు జూన్‌లో నన్ను కాకినాడలో చేర్చారు. తరవాత క్యాంపుల మీద డిష్‌లు వచ్చాయి, టేపు కోసం వచ్చేవాళ్ళు తగ్గారు, నాన్న కొట్టు ఖలాస్ అని కఫీల్‌కి తాళాలిచ్చేసి వచ్చేశాడు. ఇప్పుడు ఎవరి చావుని వాళ్ళే దాటేసుకోవచ్చు, వేలితో తాకితే బొమ్మ పది క్షణాలు ముందుకి పోతుంది. ఎవరికి ఏది పనికిరాదో ఎదురుగా కూర్చుని చూసి చెప్పే మనిషితో పనిలేదు. నాలాంటివాళ్ళు మాత్రం ఎక్కువయ్యారు. ఇదంతా బాగుందో లేదో మామూలుగా అయితే నేను నాలుగు పేజీలు రాద్దును.

నాన్నకి మగపిల్లలు లేరు. దహనం రోజు, ఆడది కుండెత్తుకోవడమేమిటని మా పెదనాన్న అడ్డుపడ్డాడు. నేను వాదించాను, గెలిచాను, అది నాకు అలవాటే. ఎడం భుజం మీద కుండ పెట్టారు. మొదటి చిల్లు పడ్డప్పుడు చల్లటి నీళ్ళు వీపు మీద నుంచి జారి చీర కాళ్ళకి అతుక్కోవడం గుర్తుంది. ముందు నడుస్తున్న పంతులుగారి మడమలు పగిలి ఉండటం గుర్తుంది. ఆ తరవాత ఎన్నిసార్లు తిరిగానో, నా వెనక కత్తి ఎన్నిసార్లు తగిలిందో ఏమీ గుర్తులేదు. మనసులో ఏడుపూ లేదు, ఇంకోటీ లేదు. వదిలెయ్యమ్మా అన్నారు, వదిలేశాను, కుండ పగిలిన చప్పుడైంది, వెనక్కి చూడకుండా రమ్మన్నారు, వచ్చాను.

ఇంటికొచ్చి తలస్నానం చేసి ముందుగదిలోకి వెళ్ళేసరికి అమ్మ గోడకి ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. ఆడవాళ్ళు శ్మశానానికి రాకూడదని ఆవిడ్ని ఇంట్లోనే ఉంచేశారు. నా వైపు చూడలేదు.

"మూడూ తిరిగావా?" అంది.

"తిరిగానమ్మా. మూడూ తిరిగాను" అన్నాను. ఆ చిన్నాన్న ఫోన్‌లో ఎంత వేగంగా అన్నాడో అంత వేగంగా అన్నాను.

అమ్మ తలూపింది. పక్కన ఎప్పుడో పెట్టి ఉంచిన కంచం దగ్గరికి జరుపుకుని, అన్నంలో మజ్జిగ పోసుకుంది.